ఉప్పునీటి అక్వేరియం: కరెంటు పోతే ఏమవుతుంది?

గోల్డ్‌ఫిష్ తొట్టి కరెంటు లేకపోయినా చాలాసార్లు ఒక రాత్రి నెట్టుకొస్తుంది. సముద్రపు చేపల తొట్టికి అంత వెసులుబాటు ఉండదు. 28 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే వేడిలో సముద్రపు నీటిలో కరిగేది 6.4 మిల్లీగ్రాములే. ఆ కాస్తనూ చేపలతో పాటు రాళ్ల మీద పెరిగే కోట్లాది బాక్టీరియా కూడా వాడుకుంటాయి. పంపు ఆగి నీటి పైభాగం కదలకపోతే, గాలిలోంచి కొత్త ఆక్సిజన్ చేరడం బాగా మందగిస్తుంది. చేపలు కిక్కిరిసిన తొట్టిలో కొద్ది గంటల్లోనే అవి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెడతాయి.

అందుకే ఈ తొట్టిని కట్టేటప్పుడు అది నడుస్తున్నప్పుడు ఎలా ఉంటుందన్నదాని కన్నా, ఆగినప్పుడు ఏమవుతుందన్నదే ముందు ఆలోచించాలి. గాజు, గొట్టాలు, వైర్లు అన్నీ ఆ లెక్క ప్రకారమే అమరాలి.

ఉదాహరణకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టిని తీసుకుందాం. అంచు నుంచి నాలుగు సెంటీమీటర్లు వదిలి నింపితే సుమారు 220 లీటర్లు పడతాయి. నీరు, గాజు, రాళ్లు, కింది తొట్టి, స్టాండు కలిపితే బరువు 400 కిలోల దగ్గరికి వస్తుంది. ఇళ్లలో గదుల నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. అది గదంతా పరుచుకున్న బరువుకు వేసిన లెక్క కాబట్టి స్లాబు వెంటనే కూలుతుందని భయపడనక్కరలేదు. అయినా అంత బరువును గది నడుమ కాక, కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టడమే మేలు. మేడ మీద గదిలో అయితే ఇంజినీరును అడిగాకే పెట్టాలి.

ప్రధాన తొట్టి కింద, స్టాండు లోపల మరో గాజు తొట్టి ఉంటుంది. దాన్ని సంప్ అంటారు. ఇంటి ముందు భూమిలో ఉండే నీళ్ల సంపుకూ దీనికీ పేరు ఒక్కటే, పని వేరు. పై తొట్టిలో నీరు ఒక అంచు దాటి గొట్టం గుండా సంప్‌లోకి జారుతుంది. అక్కడ ప్రొటీన్ స్కిమ్మర్ సన్నని గాలి బుడగలతో మలినాలను నురుగుగా లాగేస్తుంది. తర్వాత పంపు ఆ నీటిని మళ్లీ పైకి తోస్తుంది. కిందికి దిగేది తన బరువుతోనే దిగుతుంది, పైకి ఎక్కడానికే కరెంటు కావాలి. చిక్కంతా ఈ తేడాలోనే ఉంది.

పంపు ఆగగానే పైకి నీరు తెచ్చే గొట్టమే వెనక్కి పనిచేయడం మొదలుపెడుతుంది. దాని మూతి నీటి మట్టానికి అయిదు సెంటీమీటర్ల లోతులో ఉందనుకుందాం. మూతి గాలికి తేలేదాకా అది సైఫన్‌లా నీటిని కిందికి లాగుతూనే ఉంటుంది. ఈ తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 5.4 లీటర్లు. అయిదు సెంటీమీటర్లకు 27 లీటర్లు. గొట్టాల్లో ఉన్న నీరు దీనికి అదనం. సంప్‌లో కనీసం 35 లీటర్ల ఖాళీ లేకపోతే మిగిలిందంతా హాల్లోకి వస్తుంది. గొట్టం మూతిని మట్టానికి దగ్గరగా పెట్టడం, మట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న రంధ్రం వేయడం మంచి ఉపాయాలే. అయితే ఆ రంధ్రాన్ని నాచు మూసేస్తుంది. నీటిని వెనక్కి రానివ్వని వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా అది సరిగా మూసుకోదు. నమ్మదగింది సంప్‌లోని ఖాళీ ఒక్కటే.

దీనికి తిరగబడ్డ ప్రమాదమూ ఉంది. పంపు నడుస్తుండగా పైన నీరు దిగే జాలీకి ఒక నత్త అడ్డం పడితే చాలు, పంపు తన గదిలోని నీటినంతా పైకి తోసేస్తుంది. పై తొట్టిలో నాలుగు సెంటీమీటర్ల ఖాళీ అంటే 21 లీటర్ల చోటు. కాబట్టి సంప్‌లో పంపు ఉండే అర 20 లీటర్లకు మించకూడదు. ఉప్పు కలపకముందే మామూలు నీళ్లు నింపి, ఒకసారి స్విచ్ ఆపి, మరోసారి జాలీని మూసి ఈ రెండు పరీక్షలూ చేయాలి. అప్పుడు నేల తడిసినా మాపుతో పోతుంది.

ఇక కరెంటు సంగతి. సముద్రపు నీటి విద్యుత్ వాహకత మీటరుకు సుమారు 5 సీమెన్స్. మామూలు కుళాయి నీటితో పోలిస్తే ఇది దాదాపు వంద రెట్లు. పైగా ఉప్పునీరు ఉన్నచోట ఉండదు. బుడగలు చిట్లినప్పుడు ఎగిరిన తుంపర్లు ఆరి తెల్లటి పొరగా మారతాయి. ఆ పొర వైరు పట్టుకుని కొంచెం కొంచెంగా పాకుతూ ప్లగ్గు దాకా చేరుతుంది. గాలిలో తేమను పీల్చుకుని అదే కరెంటు దారి అవుతుంది. ప్లగ్గు పిన్నులు తుప్పు పట్టి, అతుకు వదులై, వేడెక్కి, చివరికి నిప్పు అంటుకోవచ్చు.

అందువల్ల స్విచ్‌బోర్డు తొట్టి కింద, స్టాండు లోపల ఉండకూడదు. పక్క గోడకు, నీటి మట్టం కన్నా ఎత్తులో బిగించాలి. ప్రతి వైరూ ప్లగ్గును చేరేముందు ఒకసారి ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైసా ఖర్చు లేని రక్షణ ఇది. చాలా ఇళ్లలో కనిపించనిదీ ఇదే.

పంపులు, దీపాలు, చిన్న చిల్లర్ కలిపినా ఈ తొట్టి వాడేది 500 వాట్లకు అటూ ఇటూ. 230 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లకు కొంచెం పైన, అంటే ఇస్త్రీపెట్టె లాగేదానిలో సగం. కాబట్టి వైరు లావు పెద్ద సమస్య కాదు. అసలు సమస్య ఎంసీబీ మీద పెట్టుకున్న నమ్మకం. 6 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారినా కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడకపోవచ్చు. ఎంసీబీకి అంత చిన్న కరెంటు అసలు తెలియదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని సరిచూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే క్షణంలో మూడో వంతు లోపే సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ. ఉప్పునీటి తొట్టికి ఇది తప్పనిసరి. దాని మీది పరీక్ష బటన్ నెలకోసారి నొక్కాలి. ఆ బటన్ లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. ఇంటి ఎర్తింగ్ బాగుందో లేదో దానివల్ల తెలియదు. ఆ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి.

కొందరు నీటిలో ఎర్తింగ్ తీగ కూడా పెడతారు. ఆర్‌సీసీబీ ఉన్నచోట అది మంచిదే. పంపు లోపల ఇన్సులేషన్ పగిలితే లీకైన కరెంటు వెంటనే భూమిలోకి పోతుంది, మనిషి చెయ్యి పెట్టకముందే సరఫరా ఆగుతుంది. ఆర్‌సీసీబీ లేనిచోట మాత్రం ఆ తీగే కరెంటు ఆగకుండా పారడానికి దారి ఇస్తుంది.

మనిషిని కాపాడే ఈ పరికరం చేపలకు ముప్పు కావచ్చు. ఇంట్లో అందరూ ఊరెళ్లిన రోజున ఒక పాత హీటర్‌లో చెమ్మ చేరితే ఆర్‌సీసీబీ పడిపోతుంది, దానితో పాటు పంపులన్నీ ఆగుతాయి. తిరిగొచ్చేసరికి తొట్టిలో ఏమీ మిగలదు. ఇలాగే ఒకసారి చేపలు పోగొట్టుకున్నవాళ్లు విసుగొచ్చి ఆర్‌సీసీబీ తీయించేస్తారు. అది ఒప్పుకోదగ్గ పరిష్కారం కాదు. పరికరాలను రెండు లైన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి వేరే ఆర్‌సీసీబీ పెట్టాలి. పైకి తోసే పంపు ఒకదాని మీద, నీటిని లోపలే తిప్పే అలల పంపు రెండోదాని మీద ఉంటే, ఒకటి పడిపోయినా రెండోది ఆక్సిజన్ అందిస్తుంది.

ఇన్వర్టర్ మీద కూడా అలల పంపు, గాలి పంపు చాలు. రెండూ కలిసి 15 వాట్లు. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడినా 900 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తాను తినేది తీసేసినా ఒక రోజు దాకా రావచ్చు. అదే బ్యాటరీ మీద 250 వాట్ల చిల్లర్ పెడితే మూడున్నర గంటలు కూడా రాదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇన్వర్టర్‌కు ముందున్న ఆర్‌సీసీబీ కాపలా ఉండదని మరవకూడదు. తొట్టి ఆర్‌సీసీబీలు ఇన్వర్టర్ తర్వాతే రావాలి.

మన ఎండలకు హీటర్ కన్నా చల్లదనమే ఎక్కువ కావాలి. నీరు 25–27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే, ఒక లీటరు ఆవిరైనప్పుడు ఈ తొట్టి లెక్కప్రకారం రెండు డిగ్రీలకు పైగా చల్లబడాలి. హైదరాబాద్ పొడి వేసవిలో ఇది చక్కగా పనిచేస్తుంది. విశాఖపట్నం ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరి కాదు, అక్కడ చిల్లర్ తప్పదు. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గినంత మేర ఆర్‌ఓ నీటినే పోయాలి, ఉప్పునీరు కాదు.

నీటి కోసం వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఉండవు. అక్వేరియం ఉప్పు పది పదకొండు కిలోలు కలిపితే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గరికి వస్తుంది. ఆపై నాలుగు నుంచి ఆరు వారాలు తొట్టిని చేపల్లేకుండానే నడపాలి. ఈలోగా ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చడం మొదలుపెడతాయి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి ఇక్కడ అమ్మోనియా విషం తటస్థ నీటిలో కన్నా పది రెట్లకు పైగా తీవ్రం. తొందరపడకూడదనడానికి కారణం అదే. కరెంటు చాలాసేపు పోయినప్పుడు ఈ బాక్టీరియా కూడా దెబ్బతింటాయి. కాబట్టి సరఫరా వచ్చాక ఒకట్రెండు రోజులు మేత తగ్గించి అమ్మోనియా పరీక్ష చేయాలి.

రాళ్ల విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి పగడాలకు రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. తయారుచేసిన సిరామిక్ రాళ్లలోనూ బాక్టీరియా చక్కగా పెరుగుతుంది. మొదటి చేపగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపను ఎంచుకోవచ్చు. దాని పిల్లల ఉత్పత్తి పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. తొట్టిలోనే పుట్టి పెరిగిన చేప కాబట్టి అది పొడి మేత తేలిగ్గా తింటుంది.