రాతి దుమ్ము – ఊపిరితిత్తుల మచ్చ



చేతిమీద గాయం మానితే మచ్చ మిగులుతుంది. దానివల్ల బాధ లేదు. అదే మచ్చ లోపలి అవయవాలలో పడితే ఫైబ్రోసిస్ అంటారు. సారా వల్ల కాలేయంలో, రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులలో ఇది వస్తుంది.

మన పాలమూరు నుండి ఎందరో క్రషర్లకు, క్వారీలకు, సొరంగం పనులకు వలస వెళ్తారు. అక్కడి సన్నని సిలికా దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. రక్షక కణాలు దానిని మింగి, అరిగించుకోలేక చనిపోతాయి. ఆ చోట వాపు వచ్చి, మచ్చకట్టి, మెత్తని ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. పని మానేసిన తర్వాత కూడా ఇది పెరగవచ్చు.

సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా వస్తుంది. రెండింటిలోనూ దగ్గు, ఆయాసం ఉంటాయి. క్షయ మందులతో నయమవుతుంది, ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది. సిలికోసిస్ ఆ మందులకు తగ్గదు. అందుకే "ఇదివరకు ఏం పని చేశారు?" అని మేము అడుగుతాము. దాచకుండా చెప్పండి. ఎక్స్‌రే, కఫం పరీక్ష రెండూ చేయించుకోండి.

కారణం తెలియని ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌కు పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులను 2014లో అమెరికా ఆమోదించింది. అవి మచ్చ పెరుగుదలను నెమ్మదింపజేస్తాయి గాని, పడిన మచ్చను చెరపలేవు. కనుక జాగ్రత్తే మేలు.

1. నీళ్లు చల్లి రాయి కొట్టమని మేస్త్రీని అడగండి.
2. తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. ఎన్‌95 మాస్కు కట్టుకోండి.
3. దుమ్ము బట్టలతో పిల్లలను ఎత్తుకోవద్దు.
4. బీడీ మానండి.
5. ఎక్స్‌రేలు, పనిచేసిన చోటి కాగితాలు భద్రపరచండి. చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి.

వలస వెళ్లినవారు క్షేమంగా ఇల్లు చేరాలని మా ప్రార్థన.