కంటిపొరకు పందిరి: మూలకణాలతో చూపు తిరిగి వచ్చే విధానం

తాంబూలం కోసం ఇంట్లో ఉంచిన సున్నం పొట్లాన్ని పసివాడు నొక్కితే అది చిట్లి కంట్లో పడవచ్చు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చింది కంట్లో పడవచ్చు. ఇటువంటి ప్రమాదాలలో కన్ను ఎందుకు పోతుంది? పోయిన చూపును తిరిగి తెచ్చే మార్గం ఉందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కంటిలోని "విత్తనాలు"

నల్లగుడ్డు మీద గాజులా స్వచ్ఛంగా ఉండే పొరను కార్నియా అంటారు. దాని పైభాగంలో ఉండే కణాలు రోజూ రాలిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. ఈ కొత్త కణాలను పుట్టించేవి మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు చుట్టూ ఇవి ఉంటాయి. ఆ అంచుకు లింబస్ అని పేరు.

సున్నం, యాసిడ్ ఈ అంచును కాల్చివేస్తే విత్తనాలు లేని పొలం వలె అవుతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి చూపును మూసివేస్తుంది. ఇటువంటి కంటికి దాత కార్నియాను మాత్రమే అమర్చితే సాధారణంగా నిలవదు. పైపొరను పోషించే మూలకణాలు అక్కడ లేకపోవడమే అందుకు కారణం.

పందిరి ఎందుకు?

చిక్కుడు తీగ పాకాలంటే పందిరి కావాలి. మూలకణాలు కూడా అంతే. వాటిని ఊరికే కంటిలో వేస్తే నిలవవు. అవి అతుక్కుని, పాకి, పొరగా అల్లుకోవడానికి ఒక ఆధారం అవసరం. దీనినే వైద్యులు స్కాఫోల్డ్ అంటారు.

కంటి విషయంలో ఈ పందిరి ఉమ్మనీటి సంచి లోపలి పలుచని పొర. సిజేరియన్ కాన్పు తరువాత తల్లి అనుమతితో మాయ నుండి దీనిని సేకరిస్తారు. హెచ్‌ఐవి, హెపటైటిస్ వంటి పరీక్షలు చేసి, శుద్ధి చేసి నిల్వ ఉంచుతారు. ఇందులో రక్తనాళాలు లేవు. ఇది వాపును, మచ్చను తగ్గిస్తుంది. ఇక్కడ వాడే మూలకణాలు రోగి సొంత కణాలే, పిండం నుండి తీసినవి కావు.

చికిత్స ఎలా చేస్తారు?

1997లో ఇటలీ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచిన లింబస్ కణాలతో ఇద్దరు రోగులకు చేసిన చికిత్స ఫలితాలను ప్రచురించారు. మన హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 2001 నుండి ఈ రంగంలో కృషి చేస్తున్నది. రోగి ఆరోగ్యవంతమైన రెండో కంటి నుండి చిన్న ముక్క తీసి, ఉమ్మనీటి పొర మీద సుమారు రెండు వారాలు పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చేవారు. అలా చేసిన 200 కళ్ళ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వాటిలో 71 శాతం కళ్ళలో స్వచ్ఛమైన పైపొర నిలిచింది.

2012లో అదే సంస్థ వైద్యులు మరింత సులువైన పద్ధతిని ప్రకటించారు. చిన్న లింబస్ ముక్కను మరీ చిన్న తునకలుగా కోసి, కంటి మీద పరచిన ఉమ్మనీటి పొరపై ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. ప్రయోగశాల అవసరం లేదు. కణాలు కంటి మీదనే పెరుగుతాయి. అందువలన ఖర్చు తగ్గింది.

అయితే పరిమితులు ఉన్నాయి. రెండు కళ్ళూ కాలిపోతే వేరొకరి కణాలు కావాలి. అప్పుడు శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడాలి. లోపలి పొర కూడా మచ్చపడితే తరువాత కార్నియా మార్పిడి అవసరం కావచ్చు.

మోసపోకండి

"మూలకణాలతో అన్ని రోగాలూ నయం" అనే ప్రకటనలు చూసి అప్పు చేసి పరుగెత్తకండి. నిరూపణ కాని మూలకణ చికిత్సలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ బయట ఇవ్వరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చికిత్సకు ఒప్పుకునే ముందు ఇలా అడగండి: "ఇది నిరూపితమైనదా, ప్రయోగ దశలో ఉన్నదా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నదా?"

కంట్లో సున్నం లేదా యాసిడ్ పడితే

1. ఆలస్యం చేయక, శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ కనీసం 15 నుండి 30 నిమిషాలు కడగండి. మంచినీళ్ళు వెదుకుతూ కాలం వృథా చేయకండి, కుళాయి నీరు చాలు.
2. రెప్పలు తెరచి పట్టుకోండి. కడిగిన నీరు రెండో కంట్లోకి పోకుండా తలను పక్కకు వంచండి.
3. కంటిని నులమకండి. పాలు, ఆముదం, నిమ్మరసం, ఆకు పసరు ఏదీ వేయకండి.
4. కడిగిన వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ఏమి పడిందో డాక్టరుకు చెప్పండి. రెప్ప వెనుక చిక్కిన సున్నం పలుకులను వారు తీసివేస్తారు.

మూలకణాల చికిత్స గొప్ప వరమే. కాని మొదటి నిమిషాలలో మీరు పోసే నీరు ఆ చికిత్స అవసరమే రాకుండా కాపాడగలదు. సున్నం, యాసిడ్‌లను పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.