దీపా ధన్‌రాజ్: ఉద్యమాల వెంట నడిచిన కెమెరా

1953లో హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్, డాక్యుమెంటరీని స్త్రీల పోరాటంలో భాగం చేసిన దర్శకురాలు. 1980లో ఏర్పడిన ‘యుగాంతర్’ బృందంలో ఆమెతోపాటు అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్రోజ్ కాంట్రాక్టర్ ఉన్నారు. పుణే ఇళ్లలో పనిచేసే మహిళలపై ‘మోల్కరీణ్’, నిపాణి పొగాకు కార్మికులపై మరో చిత్రం ఆ బృందమే తీసింది.

తెలుగు అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాల్సింది ‘ఇది కథ మాత్రమేనా?’ (1983). గృహహింసపై వచ్చిన ఈ లఘు చిత్రం పూర్తి డాక్యుమెంటరీ కాదు, కల్పిత కథ. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీశారు. తెలంగాణ సాయుధ పోరాట మహిళల జ్ఞాపకాలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా (1986) గ్రంథస్థం చేసింది కూడా ఆ సంఘటనే. పాలకుర్తిలో భూమి కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చిట్యాల ఐలమ్మ గొంతు అందులో ఉంది. ఆ పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలోది.

హైదరాబాద్ మత ఘర్షణలపై ‘క్యా హువా ఇస్ శహర్ కో?’ (1986) తీశారు. కుటుంబ నియంత్రణపై ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991) ఆమె కృషిలో శిఖరం. అందులో గ్రామీణ స్త్రీలు ఒంటి బొమ్మ గీసి, తమ శరీరం గురించి తామే మాట్లాడతారు. శస్త్రచికిత్సల లక్ష్యాల లెక్కల్లో మాయమైన మనుషులను అలా తెరపైకి తెచ్చారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణానంతర ఉద్యమంపై ‘వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ 2018లో వచ్చింది.

చిత్రం, సంవత్సరం, అంశం మూడింటినీ జతపరిచి చదవండి.