గుట్ట మీది పండ్లు – గుర్తుపట్టే విధానం

ఆదివారం వస్తే గుట్టకు పోయి పండ్లు కోసుకు తినడం మన హాస్టల్ పిల్లలందరికీ అలవాటే. మేము నేర్చుకున్న గుర్తులు తమ్ముళ్ళ కోసం రాస్తున్నాము.

రేగు: ఆకుపై మూడు ఈనెలు, అడుగున తెల్లని నూగు ఉంటాయి. బీడు భూముల్లో పెరుగుతుంది.

పరికి: కొక్కెంలాంటి ముళ్ళు, చిన్న నల్లని పండ్లు. పొదలపై అల్లుకుంటుంది.

వాక్కాయ: ఆకులు ఎదురెదురుగా, ముళ్ళు జంటగా ఉంటాయి. తుంచితే పాలు కారతాయి. కాయ పండితే నల్లబడుతుంది. రాతి నేలల్లోనూ పెరుగుతుంది.

జాగ్రత్త! పచ్చగన్నేరుకూ పాలు కారతాయి, కాయ పండితే నల్లబడుతుంది. కానీ ముళ్ళుండవు, ఆకులు సన్నగా పొడవుగా ఉంటాయి. అది గుండెను దెబ్బతీసే విషం. కాబట్టి ఒక్క గుర్తు చూసి నమ్మరాదు.

తమ్ముళ్ళూ! అనుమానముంటే తినకండి. ఎవరైనా తింటే తిట్లకు భయపడి దాచకండి. వెంటనే వార్డెన్ సారుకు చెప్పి, ఆ కాయను కూడా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.