బండిలో బరువు ఎక్కడ ఉండాలి?

పిల్లలూ! ఎడ్లబండికి కొబ్బరికాయలు ఎత్తుతుంటే ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? కాయలు సగం పడ్డాక బండి తోలే తాత నొగ పట్టుకొని ఒకసారి పైకెత్తి చూస్తాడు. తేలిగ్గా లేచిపోతే "కొన్ని ముందుకు తొయ్యండర్రా!" అంటాడు. మరీ బరువుగా ఉంటే వెనక్కి సర్దమంటాడు. బరువు వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి, ఎద్దుల మెడపట్టెడలు గొంతుకు బిగుస్తాయి. ముందుకు ఎక్కువైతే వాటి మెడలు పుండ్లు పడతాయి. తాత పుస్తకం తెరవకుండానే చేసే ఈ లెక్కను మీ పాఠంలో 'భ్రామకం' అంటారు.

ఇప్పుడు ఉద్దానం తోటల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దులు మారినా లెక్క మారలేదు. రెండు చక్రాల ట్రాలీ ఒకటి తీసుకుందాం. సరుకుతో కలిపి దాని బరువు 2000 కిలోలు అనుకోండి. గరిమనాభి ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుంది. ట్రాక్టరుకు తగిలించే కొక్కెం ఇరుసుకు 2.5 మీటర్లు ముందుంది. 2000ని 0.25తో గుణిస్తే 500. దాన్ని 2.5తో భాగిస్తే 200. అంటే కొక్కెం మీద 200 కిలోల బరువు పడుతోంది. ట్రాక్టరు వెనక చక్రాలను నేలకు అదిమి పట్టు ఇచ్చేది ఇదే.

ఇక ఆ ట్రాలీ వెనక అంచున, కాళ్లు వేలాడేసుకొని, 10 మంది పిల్లలు కూర్చున్నారనుకోండి. ఒక్కొక్కరు 30 కిలోలైతే మొత్తం 300. వాళ్లు ఇరుసుకు 1.5 మీటర్లు వెనక ఉన్నారు. 300ని 1.5తో గుణించి, 2.5తో భాగించండి. 180 వస్తుంది! కొక్కెం మీద మిగిలింది 20 కిలోలే. ఆపైన ఒక్క గతుకు తగిలితే చాలు, ట్రాలీ ముందు భాగం పైకి లేవబోయి ట్రాక్టరు వెనకభాగాన్ని ఎత్తుతుంది. చక్రాల పట్టు సడలుతుంది. ట్రాలీని చేసింది సరుకు కోసం. అక్కడ కూర్చోవడం ఎంత సరదా అయినా లెక్క ఒప్పుకోదు.

ట్రాక్టరు మెల్లగా పోతుంది. వేగంగా పోయే బండి వెనక ఇదే పొరపాటు జరిగితే? భూగోళ పాఠంలో చదివిన ప్రెయిరీ గడ్డిభూములు గుర్తు తెచ్చుకోండి. రాకీ పర్వతాలకు తూర్పున, కెనడాలోనూ అమెరికాలోనూ పరుచుకున్న మైదానమది. ఇప్పుడు చాలా భాగం గోధుమ, మొక్కజొన్న చేలే. అక్కడ సెలవుల్లో కొందరు మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి ఉన్న చక్రాల ఇంటిని కారు వెనక తగిలించుకొని వందల మైళ్లు పోతారు. బారువ తోటలో నడిచేటప్పుడు తెలియని గాలి, చెట్లు దాటి సముద్రపొడ్డుకు రాగానే ఒక్కసారిగా ఎలా కొడుతుంది? ప్రెయిరీలో అడ్డులేని అలాంటి గాలి ఆ ఇంటి పక్కగోడను తోస్తుంది. పలాస మీదుగా పోయే 16వ నెంబరు జాతీయ రహదారి మీద లారీ దూసుకుపోతే పక్కన మీ సైకిలు ఊగినట్లే, అదీ ఊగుతుంది.

బరువు ఇరుసుకు కాస్త ముందుంటే ఆ ఊగులాట దానంతటదే అణగిపోతుంది. వెనక ఎక్కువైతే, వేగం ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. చివరికి వెనకనున్న ఇల్లు కారునే రోడ్డు మీంచి లాగేస్తుంది. అందుకే మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు కొక్కెం మీద పడేలా సర్దుకోవాలని అమెరికాలో చెబుతారు. ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటరు మీద కాలు తీసేయాలి. వెనక బండికి విడిగా బ్రేకులుంటే వాటిని మాత్రమే వేయాలి. అప్పుడది కారును వెనక్కి లాగి, వరస తిన్నగా చేస్తుంది.

బరువులు రెండు చివర్లా పెట్టడమూ మంచిది కాదు. ఎందుకో మీరే చూడండి. రెండు కొబ్బరికాయలు, మీటరు పొడవు కర్ర తీసుకోండి. కాయలను కర్ర మధ్యకు దగ్గరగా అటొకటి ఇటొకటి కట్టి, మధ్యలో పట్టుకొని మణికట్టుతో అటూ ఇటూ తిప్పండి. తర్వాత వాటినే రెండు చివర్లకూ జరిపి కట్టి తిప్పండి. బరువు అంతే. కాని ఈసారి తిప్పడం కష్టం, తిరగడం మొదలయ్యాక ఆపడం ఇంకా కష్టం. కాయలు గట్టిగా కట్టండి, దగ్గర్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ లేకుండా చూసుకోండి.