ఈ రోజు బడికి వెళ్ళవచ్చునా?

పిల్లలూ! వానాకాలం వచ్చిందంటే చాలా ఇళ్ళలో ఉదయం పూట ఒక ప్రశ్న పుడుతుంది. పిల్లవాడి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఈ రోజు బడికి పంపాలా, వద్దా? చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. కాని దీనికి సరయిన జవాబు చెప్పాలంటే మన శరీరం గురించీ, సూక్ష్మజీవుల గురించీ, కొంచెం లెక్కల గురించీ తెలిసి ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో ఉండే ఒక విద్యార్థి రోజూ బస్సెక్కి, లింగంపేట మీదుగా కామారెడ్డి వెళ్ళి చదువుకుంటున్నాడనుకోండి. అవి వరి నాట్ల రోజులు. అమ్మ నాటు వేయడానికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. నాన్న పొద్దున్నే పనికి వెళ్ళిపోయాడు. ఇంట్లో చూసుకునేవారు లేరు. బడికి వెళ్తే మధ్యాహ్నం భోజనం దొరుకుతుంది, పాఠం పోదు, నూటికి నూరు రోజుల హాజరుకు ఇచ్చే బహుమతీ పోదు. అందువల్ల అమ్మ ఒక పారాసిటమాల్ గోలీ వేసి బస్సెక్కిస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టే ముందు ఆమె ఇబ్బందిని అర్థం చేసుకోవాలి. అయితే ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా మనం తెలుసుకోవాలి.

గోలీ చేసే పని ఏమిటి?

జ్వరం ఒక వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం మన శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. సాధారణంగా అది 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉంటుంది. సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశించినప్పుడు, వాటితో పోరాడే తెల్ల రక్తకణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావం వల్ల హైపోథాలమస్ ఉష్ణోగ్రతను పెంచుతుంది. జ్వరమాపకంలో 100.4 డిగ్రీలు, అంతకు మించి చూపితే జ్వరం ఉన్నట్లే. సెల్సియస్‌లో ఇది ఎంతో లెక్క కట్టండి. 100.4లో నుంచి 32 తీసివేసి, 5తో గుణించి, 9తో భాగించండి. సరిగ్గా 38 వస్తుంది.

పారాసిటమాల్ ఈ ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది, ఒళ్ళు నొప్పులను కూడా తగ్గిస్తుంది. కాని సూక్ష్మజీవులను చంపదు. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటల వరకే ఉంటుంది. ఎనిమిది గంటలకు గోలీ వేస్తే, మధ్యాహ్నం పన్నెండుకూ రెండుకూ మధ్య జ్వరం మళ్ళీ తిరిగి వస్తుంది. అప్పటికి పిల్లవాడు తరగతి గదిలో ఉంటాడు, అమ్మ పొలంలో ఉంటుంది. కాబట్టి గోలీ వేశాక ఒళ్ళు చల్లబడితే జబ్బు తగ్గినట్లు కాదు. గోలీ వేయకుండానే 24 గంటలపాటు జ్వరం రాకుండా ఉండాలి. అప్పుడే బడి మాట ఆలోచించాలి.

కనిపించకముందే అంటుకునే జబ్బు

అంటువ్యాధులలో ఒక చిక్కు ఉంది. సూక్ష్మజీవి లోపలికి వెళ్ళిన నాడే జబ్బు బయటపడదు. మధ్యలో గడిచే రోజులను పొదిగే కాలం అంటారు. ఈ సంగతిని ఒక యువ వైద్యుడు ఎంత చక్కగా కనుగొన్నాడో చూడండి.

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఫారో దీవులున్నాయి. 1846లో అక్కడ తట్టు వ్యాపించింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా జబ్బు పడ్డారు. డెన్మార్క్ ప్రభుత్వం పీటర్ లుడ్విగ్ పానుం అనే పాతికేళ్ళ వైద్యుణ్ణి అక్కడికి పంపింది. ఆయన ఊరూరూ తిరిగి, ఎవరు ఎవరిని ఏ రోజు కలిశారో, ఒంటిమీద దద్దులు ఏ రోజు కనిపించాయో రాసుకున్నాడు. ఒక మారుమూల ఊరినుంచి పదిమంది జూన్ 4న పడవలో వెళ్ళి, వేరే ఊరివారితో కలిసి తిమింగలాల వేటలో పాల్గొన్నారు. జూన్ 18న ఆ పదిమందికీ దద్దులు తేలాయి! 18లో నుంచి 4 తీసివేయండి. పద్నాలుగు రోజులు. ఇలాంటి లెక్కలతోనే ఆయన తట్టు పొదిగే కాలాన్ని నిర్ణయించాడు. అప్పటికి తట్టు వైరస్‌ను ఎవరూ చూసి ఉండలేదు. ఆయన ఉపయోగించినవి తేదీలూ, కలం, కాగితమూ మాత్రమే.

ఆయన ఇంకొక విషయం కూడా గమనించాడు. 1781లో ఆ దీవులకు తట్టు వచ్చినప్పుడు జబ్బుపడి కోలుకున్న వృద్ధులు 65 ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ జబ్బుపడలేదు. అంటే ఒకసారి తట్టు వచ్చినవారికి జీవితాంతం రక్షణ ఉంటుందన్నమాట.

తట్టు వచ్చిన పిల్లవాడి నుంచి దద్దులు కనిపించడానికి నాలుగు రోజుల ముందునుంచే జబ్బు ఇతరులకు అంటుతుంది. ఆ నాలుగు రోజులూ ఉండేవి జ్వరం, జలుబు, దగ్గు, ఎర్రని కళ్ళు మాత్రమే. 'మామూలు జలుబే కదా' అని బడికి పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే! రోగి గది విడిచి వెళ్ళిన తర్వాత కూడా తట్టు వైరస్ ఆ గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక తరగతిలో తట్టు పిల్లవాడు కాక 40 మంది ఉన్నారు. వారిలో 30 మందికి టీకా వల్ల రక్షణ ఉంది, పదిమందికి లేదు. రక్షణ లేనివారు రోగికి దగ్గరగా మసలితే పదిమందిలో తొమ్మిదిమందికి తట్టు రావచ్చు. ఆ తొమ్మిదిమంది ఇళ్ళలో తొమ్మిది నెలలు నిండని పసిపాపలు ఉంటే? తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు ఇచ్చేదే తొమ్మిది నెలలు నిండాక. కాబట్టి ఆ పాపలకు రక్షణ వారి అన్నలూ అక్కలే. మనం బడి మానేది మన కోసమే కాదు, ఎక్కడో ఊయలలో ఉన్న పాప కోసం కూడా.

ఏ జబ్బుకు ఎన్నాళ్ళు?

తట్టు: దద్దులు కనిపించిన తర్వాత నాలుగు రోజులు పూర్తయ్యేవరకు బడికి వెళ్ళరాదు.

ఆటలమ్మ: పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేవరకు ఆగాలి. సాధారణంగా దీనికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈ జబ్బులో పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

గవదబిళ్ళలు: చెంపలు వాచిన తర్వాత ఐదు రోజులు.

వాంతులు, విరేచనాలు: చివరి వాంతి లేదా విరేచనం అయ్యాక 48 గంటలు. ఒక పొట్లం ఓ.ఆర్.ఎస్. పొడిని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. వరదలు వచ్చినప్పుడు తాగేనీటిలో మురుగు కలిసి ఈ జబ్బులు పెరుగుతాయి. 2025 ఆగస్టు చివరివారంలో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అటువంటి సమయంలో నీరు కాచి తాగడం మరీ ముఖ్యం.

కండ్లకలక: 2023 జూలై, ఆగస్టు నెలల్లో ఇది తెలంగాణ అంతటా చాలామందికి వచ్చింది. రోగి కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. కంటిని తాకిన చేయి, దస్తీ, తువ్వాల ద్వారా ఇది ఎక్కువగా వ్యాపిస్తుంది. ఎరుపూ, నీరు కారడమూ తగ్గేవరకు ఇంట్లో ఉండటం మంచిది.

మన పల్లెల్లో ఒంటిమీద పొక్కులు పోస్తే పోచమ్మ వచ్చిందని గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పొక్కులకు కారణం వైరస్ అని ఈనాడు మనకు తెలుసు. కాని ఆ వేపమండను చూసి బయటివారు ఆ ఇంట్లోకి పోకుండా ఉండేవారు. రోగిని వేరుగా ఉంచడమనే మంచి పని ఆ ఆచారంలో ఉంది.

బడి మానవలసిన అవసరం లేనివి

దీని అర్థం, తుమ్మితే చాలు ఇంట్లో కూర్చోవాలని కాదు సుమా! జ్వరం లేకుండా కాస్త ముక్కు కారుతూ, హుషారుగా ఉన్న పిల్లలు బడికి రావచ్చు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు ముక్కుకూ నోటికీ దస్తీ అడ్డం పెట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తలలో పేలు ఉన్నాయని బడి మానవలసిన పని లేదు. గజ్జి ఉన్నవారు మందు మొదటిసారి పూసుకున్న మరునాడు రావచ్చు. మూర్ఛ, ఉబ్బసం అంటువ్యాధులు కావు. అవి ఉన్న పిల్లలను దూరంగా కూర్చోబెట్టడం అజ్ఞానం, అన్యాయం కూడా.

జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త!

డెంగీ పక్కన కూర్చున్నందువల్ల అంటదు. దాన్ని పగటిపూట కుట్టే ఏడిస్ దోమ మోసుకొస్తుంది. అయినా డెంగీ పిల్లవాడు బడికి వెళ్ళకూడదు. ఎందుకంటే ఈ జ్వరంలో అసలు ప్రమాదం తరచుగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం తగ్గేటప్పుడు వస్తుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి గాని ముక్కునుంచి గాని రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కాబట్టి డెంగీ విషయంలో 24 గంటల నియమం ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పిన తర్వాతే బడి.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఉదయం మీరూ, మీ ఇంట్లో పెద్దలూ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. అపాయ లక్షణాలు ఉన్నాయా? ఆయాసం, ఫిట్స్, మెడ బిగుసుకుపోవడం, నీళ్ళు కూడా తాగలేకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం వంటివి ఉంటే బడీ కాదు, ఇల్లూ కాదు, నేరుగా ఆసుపత్రికే.

2. ఇది ఇతరులకు అంటే జబ్బా? అయితే పైన చెప్పిన రోజులు పూర్తికావాలి.

3. పాఠం వినే శక్తి ఉందా? అంటే జబ్బు కాకపోయినా, తల నిలపలేని పిల్లవాడికి బల్ల మీద కూర్చున్నందువల్ల చదువు రాదు.

మూడింటికీ జవాబులు అనుకూలంగా ఉంటేనే సంచి భుజాన వేసుకోండి.

మరి ఆ తల్లి కూలి మాట ఏమిటి? ఈ భారాన్ని ఆమె ఒక్కదానిమీదే వేయడం న్యాయం కాదు. పక్కింటి అవ్వ ఒక పూట చూసుకోవచ్చు. బడి కూడా తన వంతు చేయాలి. జబ్బుతో మానిన రోజులను హాజరు బహుమతికి అడ్డంగా లెక్కించకూడదు. జ్వరంతో వచ్చినా బహుమతి దక్కుతుందంటే, తెలిసో తెలియకో జబ్బును పంచినవారికి బహుమతి ఇచ్చినట్లవుతుంది. మధ్యాహ్నం జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి గాలి, వెలుతురు వచ్చే గదిలో వేరుగా పడుకోబెట్టి ఇంటికి కబురు చేయాలి. హాస్టలు పిల్లలకు తట్టు వంటిది వస్తే, బస్సులో ఒంటరిగా ఇంటికి పంపడం కంటే వేరే గదిలో ఉంచి వైద్యం చేయించడం మంచిది. లేకపోతే ఆ జబ్బు బస్సులోని వారికీ, ఊళ్ళోని వారికీ చేరుతుంది. ఇక మీరు చేయగలిగింది ఒకటుంది. మానిన స్నేహితుడి కోసం ఆనాటి పాఠాన్ని మరొక కాగితం మీద రాసి ఉంచండి. పాఠం పోదన్న ధైర్యం ఉంటే జ్వరంతో ఎవరూ బడికి పరుగెత్తరు.

చేసి చూడండి

ఒక క్యాలెండరు తీసుకోండి. తట్టు ఉన్న ఒక పిల్లవాడు జూలై 1న ఒక పెళ్ళికి వెళ్ళాడనుకోండి. అక్కడ జబ్బు అంటుకున్నవారికి పద్నాలుగు రోజుల తర్వాత దద్దులు తేలితే, ఏ తేదీన తేలుతాయి? వారినుంచి ఇతరులకు జబ్బు అంటే మొదటి రోజు ఏది? చివరి రోజు ఏది? గుర్తు పెట్టండి. ఆ రోజుల్లో పెళ్ళివారి పిల్లలు ఎన్ని గదుల్లో, ఎన్ని బస్సుల్లో కూర్చుంటారో కూడా ఆలోచించండి.