ప్లాన్ పాసైతే చాలా? ఓసీ సంగతేంటి?

ఇల్లు కట్టాలంటే ప్లాన్ అప్రూవల్ కావాలని అందరికీ తెలుసు. కట్టాక తీసుకోవాల్సిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీని చాలామంది పట్టించుకోరు. సీఎస్‌ఈ స్టూడెంట్‌గా నాకిలా అర్థమైంది: ప్లాన్ అంటే డిజైన్, ఓసీ అంటే ఫైనల్ టెస్టింగ్. టెస్ట్ చేయకుండా రిలీజ్ చేస్తే బగ్స్ అన్నీ యూజర్ నెత్తినే పడతాయి కదా!

పని పూర్తయ్యాక ఓనర్ కంప్లీషన్ నోటీసు ఇవ్వాలి. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి చూస్తారు: చుట్టూ ఖాళీ స్థలం వదిలారా? అంతస్తులు ప్లాన్ ప్రకారమే ఉన్నాయా? పార్కింగ్, ఇంకుడు గుంత ఉన్నాయా?

మన అనంతపురంలో ఆ గుంత చాలా ముఖ్యం. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అయినా లెక్కేయండి: 100 చదరపు మీటర్ల మిద్దె మీద పడే నీళ్లు 55,000 లీటర్లు! గుంత కాగితం మీదే ఉండిపోతే అవన్నీ కాలవ పాలు.

చిన్న ఇళ్లకు నిబంధనల్లో మినహాయింపులున్నాయి. కానీ అపార్ట్‌మెంట్లకు ఓసీ తప్పదు. అది చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఆదేశించింది.

అందుకే ఫ్లాట్ కొనేటప్పుడైనా, అద్దెకు దిగేటప్పుడైనా "ప్లాన్ ఉందా?" దగ్గరే ఆగొద్దు. "ఓసీ వచ్చిందా?" అని కూడా అడగండి.